కోఠీ బొమ్మరింటి బేగం

హైదరాబాదు కోఠీలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. ఊరి జనం నోట అది కోఠీ ఉమెన్స్ కాలేజీ. ఈమధ్యే విశ్వవిద్యాలయమై చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ముందువైపు నుంచి చూస్తే ఇరవైకి పైగా మెట్లు, వాటి మీద ఆకాశానికి నిలబెట్టినట్టు తెల్లటి స్తంభాలు. వెనకవైపు తోటలో మాత్రం ఆ మేడకే పుట్టిన పిల్లలా ఒక బొమ్మరిల్లు కనిపిస్తుంది. సున్నపు పూతతో చేసిన చిన్న నమూనా.

దాని గురించి ఊళ్లో ఒక కథ ఉంది. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిని రెసిడెంటు అనేవాళ్లు. అలాంటి రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ ఆ మేడను కట్టించాడు. ఆయన భార్య ఖైరున్నీసా బేగం ఘోషాలో ఉండేది. వెనకనున్న జనానా, అంటే ఆడవాళ్లుండే రంగమహల్ దాటి ముందుకు రాకూడదు. భర్త కట్టించిన భవనం ముఖమెలా ఉంటుందో ఆమె చూడలేదు కనక, ఆమె తోటలోనే దాని నమూనా కట్టించి చూపించాడట.

వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం రెండు చోట్ల గుచ్చుకుంటుంది. భవనాన్ని 1803, 1806 మధ్య కట్టారని సాధారణంగా చెబుతారు. కిర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరు 15న కలకత్తాలో చనిపోయాడు. పూర్తయిన మేడను భార్యకు తీరిగ్గా చూపించేంత వ్యవధి ఆయనకు దక్కలేదు. రెండోది, ఘోషా అంటే కళ్లకు గంతలు కాదు. ఆనాటి పెద్ద కుటుంబాల ఆడవాళ్లు తెరలు దించిన పల్లకీల్లో ఊరంతా తిరిగేవాళ్లు. భర్త పోయిన మరుసటి ఏడాది ఈ బేగమే తల్లిని వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి కలకత్తా దాకా ప్రయాణం చేసింది. అంత దూరం వెళ్లగలిగిన మనిషి సొంత ఇంటి ముందుకు పల్లకీలో రాలేకపోయిందా? ఇంజనీర్లు భవనం కట్టే ముందు నమూనా చేసుకోవడం ఎప్పుడూ ఉన్నదే. ఈ మేడకు నక్షా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. బొమ్మరిల్లు అతడి పనిముట్టే అయివుండవచ్చు. తర్వాతి తరాలు దానికి ప్రేమకథ తొడిగి ఉండవచ్చు.

ఈ స్థలం గురించే మరో కథ కూడా చెబుతారు. రెసిడెన్సీకి భూమి కావాలని కిర్క్‌పాట్రిక్ పెద్ద పటం గీయించి నిజాం ముందు పరిస్తే, అది చూసి నిజాం బెదిరి కాదన్నాడట. అదే పటాన్ని అరచేతిలో ఇమిడేంత చిన్నగా గీయించి తెస్తే సరేనన్నాడట. ఒకే మేడ చుట్టూ చిన్న బొమ్మ చూపించి పెద్ద పని సాధించిన కథలు రెండు పుట్టాయి. ఖైరున్నీసా చరిత్రను తెలుసుకోవడమూ అలాంటి వ్యవహారమే. మన చేతికి వచ్చేవన్నీ నమూనాలు. ప్రతి నమూనానూ ఎవరో, ఎవరికో, ఏదో అవసరం కోసం తయారుచేశారు.

ఆమె 1786 ప్రాంతంలో పుట్టింది. స్త్రీలలో ఉత్తమురాలు అని ఆ పేరుకు అర్థం. ఇరాన్‌లోని షుస్తర్ పట్టణం నుంచి వచ్చిన సయ్యద్ వంశం వాళ్లది, షియాలు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి షరఫున్నీసాతో కలిసి తాత బాకర్ అలీఖాన్ ఇంట్లో పెరిగింది. తాత హైదరాబాదులోని కంపెనీ సైన్యానికి బక్షీ, అంటే జీతాలు పంచే అధికారి. ఆ తర్వాత నిజాంకు దివాను, అంటే ప్రధానమంత్రి, అయిన మీర్ ఆలం వాళ్లకు దగ్గరి బంధువు. హైదరాబాదులో మీర్ ఆలం చెరువు, మీర్ ఆలం మండీ ఆయన పేరు మీదివే. కాబట్టి ఈ పిల్ల పెళ్లి ఒక ఇంటి విషయంగా ఆగిపోయే అవకాశమే లేదు.

అటువైపు కిర్క్‌పాట్రిక్ మద్రాసులో పుట్టినవాడు. పారశీకం, హిందుస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు, ఇంట్లో మొగలాయి దుస్తులు వేసుకునేవాడు. 1798లో నిజాంతో సైన్య సహకార ఒప్పందం కుదిర్చి, అప్పటిదాకా హైదరాబాదులో పాతుకుపోయిన ఫ్రెంచి పటాలాన్ని రక్తం చిందకుండా నిరాయుధం చేయించాడు. 1800 అక్టోబరులో ఇంకో ఒప్పందం జరిగింది. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు నిజాం చేతి నుంచి కంపెనీకి దఖలు పడ్డాయి. మనం స్కూల్లో దత్త మండలాలని చదువుకున్నది వీటినే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన ఖైరున్నీసాను రహస్యంగా నిఖా చేసుకున్నాడు, అందుకోసం ఇస్లాం స్వీకరించాడు. ఒక చేత్తో రాయలసీమ తలరాత మార్చే కాగితం, మరో చేత్తో పెళ్లి. కలకత్తాలో ఉన్న గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ఈ రెంటినీ విడివిడిగా చూడలేకపోవడంలో వింత లేదు. తన రెసిడెంటు నిజాం దర్బారు మనిషైపోయాడేమోనన్నది అతడి భయం.

ఆ భయం పుణ్యమా అని మనకు కాగితాలు మిగిలాయి. ప్రేమ కాగితాలు పుట్టించదు, విచారణ పుట్టిస్తుంది.

కాగితాల్లో మొదటి గుట్ట జేమ్స్ తన సవతి అన్న విలియం కిర్క్‌పాట్రిక్‌కు రాసిన ఉత్తరాలు. విలియం అంతకుముందు హైదరాబాదులోనే రెసిడెంటుగా పనిచేసి, తర్వాత వెల్లెస్లీ పక్కన చేరాడు. అంటే తమ్ముడు అన్నకు రాసే ప్రతి ముక్కా ఒక రకంగా పైఅధికారి గుమ్మం దాకా వెళ్లే ముక్కే. కొన్ని భాగాలు సంకేత లిపిలో ఉన్నాయి. ఈ ఉత్తరాల్లో జేమ్స్ చెప్పే కథ ఏమిటంటే, అమ్మాయే తనను కోరుకుంది, ఇంట్లోని ఆడవాళ్లు అమ్మాయి పక్షాన ఉన్నారు, తాను చాలాకాలం తప్పించుకున్నాడు, చివరికి కాదనలేకపోయాడు.

రెండో గుట్ట తాత చెప్పిన మాటలు. ఇవి ఒక్కలా లేవు. మొదట ఆయన రెసిడెంటు మీద ఫిర్యాదు చేశాడు. దర్బారు ద్వారా తన మీద ఒత్తిడి తెస్తున్నాడన్నాడు. ఆ తర్వాత ఆ ఆరోపణలను తానే వెనక్కి తీసుకున్నాడు. ఈ రెంటి మధ్యా ఏ ఒత్తిడి పనిచేసింది, ఇంట్లో ఆడవాళ్లు ఎంత గట్టిగా నిలబడ్డారు అన్నది చదివేవాళ్ల ఊహకు వదిలిన ఖాళీ.

మూడోది 1801 నాటి రహస్య విచారణ. వెల్లెస్లీ ఆదేశం మీద మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్, అంటే ప్లాసీ క్లైవ్ కొడుకు, ఇద్దరు సైనికాధికారులను పిలిచి ప్రమాణం చేయించి వాంగ్మూలాలు తీసుకున్నాడు. వాళ్ల పేర్లు బౌసర్, ఆర్ (Orr). ఇద్దరూ హైదరాబాదులో పనిచేసి, రెసిడెంటునీ బక్షీ కుటుంబాన్నీ దగ్గర నుంచి చూసినవాళ్లు. ఆ ప్రశ్నోత్తరాల దృష్టంతా ఒకే చోట ఉంది. రెసిడెంటు తన అధికారాన్ని వాడి ఆ కుటుంబాన్ని బలవంతపెట్టాడా? అక్కడ నేరం రుజువు కాలేదు, ఉద్యోగం నిలిచింది. అప్పటికే 1801 మార్చిలో వాళ్లకు కొడుకు పుట్టాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కూతురు.

ఇన్ని కాగితాల్లో ఎవరూ ఏమీ అడగని మనిషి ఒక్కరే ఉన్నారు. ఖైరున్నీసాను ఎవరూ ఏమీ అడగలేదు. కంపెనీకి ఆమె సాక్షి కాదు, వివాదాంశం.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పుకోవాలి. నిఖా నాటికి ఆమెకు పద్నాలుగేళ్ల ప్రాయం, ఆయనకు ముప్పై ఆరు. ఆ కాలపు పెళ్లిళ్లలో ఇది అరుదేమీ కాకపోవచ్చు. కానీ "ఆమే నన్ను కోరుకుంది" అన్న వాక్యాన్ని చదివేటప్పుడు ఈ అంకెలు పక్కన పెట్టుకోకపోతే మనం చరిత్ర చదవడం లేదు, నాటకం చూస్తున్నాం. కోఠీ ప్రేమకథను తాజ్‌మహల్ పక్కన కూర్చోబెట్టేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. అలాగని ఆమెను దర్బారు చదరంగంలో పావుగా తేల్చేయడమూ నాకు నచ్చదు. అంతకుముందే ఇంటివాళ్లు మరో నవాబు కుటుంబంలో సంబంధం కుదిర్చారు. అది తప్పిపోయింది. తల్లీ అమ్మమ్మా ఇంటి పెద్దకు ఎదురు నిలబడ్డారు. ఆ ఇంట్లో ఎవరో గట్టిగా కాదన్నారన్నది మాత్రం తాత ఫిర్యాదులోనే కనిపిస్తుంది. ఆయన తన ఇంటి ఆడవాళ్ల ముందు ఓడిపోతున్న మనిషిలా మాట్లాడతాడు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆపేది వీలునామా. 1805లో రాసిన ఆ పత్రంలో కిర్క్‌పాట్రిక్ పిల్లలకు పెద్ద మొత్తాలు రాశాడు. భార్య దగ్గరికి వచ్చేసరికి, ఆమె గౌరవనీయురాలంటూనే, వారసత్వంగా వచ్చినవీ తర్వాత సంపాదించినవీ జాగీర్లు ఉన్నాయి, విడిగా అర లక్ష రూపాయలకు తగ్గని సొత్తూ నగలూ ఉన్నాయి, కనక ప్రత్యేకంగా ఏర్పాటు చేయనక్కర్లేదని, గుర్తుగా పది వేల హైదరాబాదు రూపాయలు రాశాడు. ఆమె ఆస్తిపాస్తుల మీద మనకు దొరికే స్పష్టమైన మాట ఇదే. సొంత జాగీర్లున్న స్త్రీ అన్నమాట. రెసిడెంటు నీడలో బతికిన మనిషి కాదు. అదే కాగితంలో ఆమె పిల్లల తల్లి మాత్రమే. పిల్లలకు వాడిన ఇంగ్లీషు మాటకు అర్థం వివాహేతర సంతానం అని. నిఖా చేసుకున్నవాడే ఆ మాట రాశాడు. ఎందుకంటే ఆ వీలునామా నడవాల్సింది ఇంగ్లీషు కోర్టులో, ఆ కోర్టు ముందు హైదరాబాదు నిఖా నిలవదు. పిల్లలకు ఆస్తి దక్కాలంటే పెళ్లిని కాగితం మీద చెరిపేయాలి. షరఫున్నీసా మాత్రం ముసలితనంలో కూడా కూతురి పెళ్లి షియా మతపెద్ద చేతుల మీదుగా జరిగిందనే చెప్పింది. రెండు చట్టాల మధ్య ఒకే స్త్రీ భార్యగానూ, కాకుండానూ ఉంది.

ఇక చిత్రం. ఖైరున్నీసా పేరెత్తగానే చూపించే చిత్రంలో ఆమె లేదు, ఆమె పిల్లలున్నారు. 1805లో వాళ్లను చదువుకు ఇంగ్లండు పంపేముందు, ఓడ కోసం మద్రాసులో ఆగినప్పుడు జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు నిలువెత్తున వేశాడు. మద్రాసులో అప్పటికి పేరు తెచ్చుకుంటున్నవాడు. పిల్లాడు, నాలుగేళ్ల సాహెబ్ ఆలం, ఎర్రటి జామా మీద బంగారు జరీ పటకా కట్టుకుని, మెడలో రెండు వరసల లావుపాటి ముత్యాలతో, ముందుకొన వంగిన చెప్పులతో నిలబడి నేరుగా మనకేసి చూస్తుంటాడు. చెల్లెలు నూరున్నీసా, సాహెబ్ బేగం, ఒక మెట్టు పైన నిలబడి అన్న భుజం మీద చెయ్యి వేసింది. చూపు కిందికి దించుకుని ఉంటుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయంటారు చాలామంది. కావచ్చు. అయితే, తల్లి నుంచి విడదీశారని ముందే తెలిసి చూస్తున్నాం కనక కళ్లు వాచినట్టు అనిపిస్తుందేమో కూడా. మూడేళ్ల పిల్లను గంటల తరబడి నిలబెట్టి బొమ్మ వేస్తే ఏ పిల్లైనా మొహం వేలాడేస్తుంది. నాకు మాత్రం ఆ చిత్రంలో తల్లి కనిపించేది పిల్లల కళ్లలో కాదు, వాళ్ల బట్టల్లో. ఆ ముత్యాలు, ఆ జరీ, టోపీలు హైదరాబాదు జనానాలో ఎవరో ఎంచి, తొడిగి పంపినవి. ఇంగ్లండు చేరాక వాటితో పని లేదు. బాప్తిస్మం ఇచ్చి పేర్లు కూడా మార్చేశారు. అతడు విలియం జార్జి, ఆమె కేథరిన్ అరోరా, ఇంట్లో పిలుపు కిట్టీ.

ఓడ మద్రాసు వదిలిన కొన్ని వారాలకే కిర్క్‌పాట్రిక్ పోయాడు. పందొమ్మిదేళ్ల వయసులో ఖైరున్నీసాకు భర్త లేడు, పిల్లలు సముద్రం అవతల ఉన్నారు. 1806లో కలకత్తా వెళ్లింది. అక్కడ ఆమెకు ఆసరాగా నిలిచినవాడు హెన్రీ రస్సెల్, భర్త కింద పనిచేసిన యువ అధికారి. ఆసరా అనుబంధమైంది. వార్త హైదరాబాదు చేరింది. అప్పటికి దివానుగా ఉన్న మీర్ ఆలం, ఆమె బంధువే, ఊళ్లో అడుగు పెట్టనివ్వనన్నాడు. ఆమెను ఉంచిన చోటు మచిలీపట్నం. కంపెనీ వర్తకులు 1611లోనే దిగిన బందరు రేవు. ఈమె వచ్చేనాటికి ఆ వైభవం చాలావరకు మద్రాసుకు తరలిపోయింది. పాతబస్తీ హవేలీలో పెరిగిన బేగం, ఉప్పుగాలి కొట్టే ఆ రేవులో ఏళ్లు గడిపింది. రస్సెల్ మద్రాసు వెళ్లి, 1808లో జేన్ కసమేజర్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. ఆ సంగతి ఖైరున్నీసాకు చెప్పే పని తమ్ముడు చార్లెస్ నెత్తిన పెట్టాడు. ఆ కొత్త భార్య కొద్ది నెలలకే చనిపోయింది.

ఇదంతా మనకు రస్సెల్ కాగితాల వల్లే తెలుసు. అవి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆ రోజుల్లో అధికారులు ఉత్తరం పంపేముందు నకలు పుస్తకంలోకి ఎక్కించి పెట్టుకునేవాళ్లు. అందుకే పంపినవాడి గొంతు భద్రంగా ఉంటుంది. అందుకున్న మనిషి గొంతు ఆమె ఇంటి కాగితాలతో పాటు పోతుంది. బందరులో ఆమె ఏమనుకుందో తెలుసుకోవాలంటే, ఆమెను వదిలేసిన మనిషి తన తమ్ముడికి రాసిన జాగ్రత్త మాటల గుండా చూడాలి. తాను మంచివాడినని ముందుగా తనకు తాను నచ్చజెప్పుకునే ఉత్తరాలవి. ఒక పక్షం వకీలు వాదన మాత్రమే విని తీర్పు రాయడం లాంటిది. అయినా ఆ ఉత్తరాల్లో ఒకటి దాచలేకపోయాడు. ఎవరో ఒకరి చేత చెప్పించాలనుకున్నాడంటే, ఆమె ముఖం చూసి చెప్పే ధైర్యం అతడికి లేదు.

మీర్ ఆలం పోయాక హైదరాబాదు దారి తెరుచుకుంది. రస్సెల్ 1811లో అదే రెసిడెన్సీకి రెసిడెంటుగా వచ్చాడు. ఖైరున్నీసా కూడా ఊరు చేరింది. 1813 సెప్టెంబరు 22న, ఇరవై ఏడేళ్ల వయసులో, రెసిడెన్సీ ఆవరణలోని తన పాత రంగమహల్‌లోనే కన్నుమూసింది. ఆ మహల్ ఇప్పుడు లేదు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో వచ్చిన ఒక రెసిడెంటు, పూర్వికుడి దేశీ సంసారం గుర్తులు కంటికి కనపడకూడదని పడగొట్టించాడు. ఇంట్లో సగం పోయి, బొమ్మరిల్లు మిగిలింది.

ఇంగ్లండులో కిట్టీ పెరిగి పెద్దదైంది. చరిత్రకారుడు థామస్ కార్లైల్ యువకుడిగా ఆమెను ఎరుగును. అతడి రచనలోని ఒక కథానాయికకు ఆమే మూలమని చెప్పేవాళ్లున్నారు. 1829లో ఒక సైనికాధికారిని పెళ్లాడింది. ఏళ్ల తర్వాత ఓసారి స్వాలోఫీల్డ్ అనే పల్లెలో పెద్దింటి గోడ మీద తన బొమ్మనే చూసి ఏడ్చేసింది. ఎర్ర జామా, ముత్యాలు, అన్న భుజం మీద చెయ్యి. అది హెన్రీ రస్సెల్ ఇల్లు. చిన్నరీ చిత్రం అతడి దగ్గరికి చేరి ఉంది. చనిపోయేటప్పుడు దాన్ని ఆమెకే రాసిపోయాడు. ఆ చిత్రం ఇప్పుడు హాంకాంగ్‌లో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు సేకరణలో ఉంది.

రస్సెల్ ఇంటి పరిచయం వల్లే, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని కిట్టీకి తెలిసింది. 1840లలో రెసిడెన్సీ అధికారి ఒకరు మధ్యవర్తిగా ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. అమ్మమ్మ చెబుతుంటే మున్షీ పారశీకంలో రాసేవాడు. బంగారు పొడి చల్లిన కాగితం, జరీ ఖరీతాలో, అంటే ఉత్తరాల సంచిలో పెట్టి, ముద్ర వేసి పంపేవాళ్లు. అప్పటికి జాగీర్లు చేజారి ముసలావిడ ఇబ్బందుల్లో ఉంది. ఖరీతా మర్యాద మాత్రం తప్పలేదు.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదో కిట్టీ మొదట్లోనే చెప్పుకుంది. రాస్తే ఉత్తరాన్ని ఇంట్లోవాళ్లు ఆపేస్తారని తెలుసు కనకనట. తండ్రి వైపు వాళ్లు హైదరాబాదు పేరు వినపడనివ్వలేదు. మూడున్నరేళ్లకు దాటి వచ్చిన ఇంటిని ఆమె ఆ ఉత్తరంలో గదిగదిగా గుర్తుచేసుకుంది. వసారా ఉంది. దర్జీలు కూర్చుని కుట్టే చోటు ఉంది. మేడ మీద జారుడుబల్లలా ఒక చోటు, అక్కడ కూర్చుని కిందికి జారుతుంటే అమ్మ ఏమీ అనేది కాదు. విడిపోయిన రోజు అమ్మ కూర్చున్న జాగా ఇప్పటికీ కళ్లముందుంది, పొడవాటి జుట్టు పీక్కుని ఏడ్చింది. ఆ జుట్టులో ఒక్క పాయ దొరికితే ఏమైనా ఇచ్చేస్తానంది.

బేగం గురించి రాసిన కాగితాలన్నిటిలో ఆమెతో ఏ పనీ లేని కాగితం ఇదొక్కటే. పదవి కోసం కాదు, కోర్టు కోసం కాదు, తప్పు కప్పిపుచ్చుకోవడానికీ కాదు. తరచూ ఒక కల వస్తుందని కూడా కిట్టీ అందులో రాసింది. అమ్మ దొరికిందని సంతోషం పట్టలేక మెలకువ వచ్చేస్తుందట. లేదా కలలోనే దిగులు పట్టుకుంటుందట, తను మాట్లాడే ఇంగ్లీషు అమ్మకు అర్థం కావడం లేదని.